టెంక చెట్టుకు కాస్త చోటు: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉన్న సంగతి మీకు తెలుసు. అక్కడ జరిగే ప్రతి ప్రయోగమూ ఫలించి తీరాలని ఏ ప్రభుత్వమూ షరతు పెట్టలేదు. పెట్టి ఉంటే అది పరిశోధన స్థానంగా మిగిలేది కాదు, నర్సరీ అయ్యేది. ఒక పద్ధతి పనికిరాదని తేలడం కూడా అక్కడ పని జరిగినట్టే లెక్క. ఆ లెక్క సరైనదని రైతుకూ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. ఇదే ఊళ్లో సంగీతానికి కూడా అలాంటి చోటు ఒకటి కావాలని అడగడానికే ఈ లేఖ. సంగీతకారులే సొసైటీగా ఏర్పడి, లాభాపేక్ష లేకుండా నడుపుకునే ఒక చిన్న గది కావాలి. ఆశు సంగీతానికీ ప్రయోగ సంగీతానికీ దాన్ని అంకితం చేయాలి. ముందుగా కట్టి పెట్టుకున్న రచన లేకుండా, ఎదురుగా కూర్చున్న తోటి వాద్యకారుడి ధ్వనికి జవాబుగా అప్పటికప్పుడు పుట్టేదాన్ని ఆశుకవిత్వం పోలికతో ఆశు సంగీతం అంటున్నాను. వాద్యాన్ని, స్వరాన్ని, వినే తీరును మార్చి ఏమవుతుందో చూసేదాన్ని ప్రయోగ సంగీతం అంటున్నాను.

మామిడి సాగు తెలిసిన వాళ్లకు నా వాదన సగం ఇప్పటికే అర్థమై ఉంటుంది. చిన్నరసం కావాలంటే అంటు కట్టాలి. టెంక నాటితే తల్లి చెట్టు గుణమే వస్తుందన్న హామీ లేదు. పీచు కాయ రావచ్చు, పులుపు తగలవచ్చు, ఏళ్లు గడిచినా పూత రాకపోవచ్చు. అందుకే తోట వేసే రైతు అంటు మొక్కే కొంటాడు. అప్పు చేసి ఎకరాలు నాటేవాడు అలా చేయడమే న్యాయం. కానీ ఆ చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి మొదట ఎలా పుట్టాయి? ఎవరో నాటినదో, తిని పారేసినదో ఒక టెంక మొలిచింది. గట్టు మీద ఉందని ఎవరూ నరకలేదు. కొన్నేళ్లకు కాసింది. ఆ కాయ రుచి చూసిన మనిషి దాని కొమ్మ తెచ్చి అంటు కట్టాడు. మన తోటల్లో పేరున్న పాత రకాలన్నిటి వెనుకా అలా ఓపిక పట్టి బతకనిచ్చిన ఒక టెంక చెట్టు ఉంది. సంగారెడ్డి పరిశోధన స్థానంలో రుమానీనీ నీలాన్నీ కలిపి మంజీర రకాన్ని తీసినవాళ్లు చేసిందీ అదే. ఆ ఓపికకు వాళ్లు ఒక పద్ధతి, ఒక చోటు ఏర్పరచుకున్నారు. మన సంగీతంలోనూ ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. త్యాగరాజ కృతి గురువు నుంచి శిష్యుడికి అంటులాగే అందుతుంది, మొదటి చెట్టు రుచి చెడకుండా. రాగాలాపన, తానం, నెరవల్, స్వరకల్పన, తని ఆవర్తనం మాత్రం ఆ పూట ఆ మనిషి మనోధర్మం నుంచి పుట్టి, ఆ పూటతోనే పోతాయి. ఈ రెండో భాగం ఎండిపోతే మొదటి భాగం ఎంత భద్రంగా ఉన్నా తోట ముసలిదైపోతుంది.

ఇది ఎక్కడో మహానగరాల గొడవ అనుకునే ముందు నూజివీడు చుట్టూ జరిగింది చూడండి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల వేదిక మీద తొమ్మిదేళ్ల పిల్లవాడు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ అతను. వాద్యం పాశ్చాత్యులది. గమకానికి పనికిరాదని చెప్పడానికి కావలసినన్ని కారణాలున్నాయి. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలతో, విద్యుత్ మాండలిన్‌తో ఆ కారణాలన్నిటినీ ఒక్కొక్కటిగా తప్పని తేల్చాడు. తరువాత రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించాడు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ, రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న మాటను పక్కన పెట్టి నాలుగేసి స్వరాలతోనే లవంగి, మహతి రాగాలు కట్టారు. వీణ ఎస్. బాలచందర్ అంతటి విద్వాంసుడు దాన్ని గట్టిగా ఖండించారు. ఆ తగవు ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. ఒక ప్రయోగం మీద ఇద్దరు మహావిద్వాంసులు అంత పట్టుదలగా వాదించుకునేంత ప్రాణం ఆనాటి సంగీత లోకంలో ఉందన్నదే ముఖ్యం. అదే పారుపల్లివారి శిష్యుడు, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామిగారు కొత్త రాగాలూ కొత్త తాళాలూ కట్టారు. 2021లో పద్మశ్రీ ఇచ్చి దేశం ఆయన్ని గౌరవించింది. ఈమని శంకరశాస్త్రిగారు వీణతో శిఖరారోహణాన్నే చిత్రించబోయారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు కొమ్మ మీది కోయిలను వీణ తీగ మీదికి దించారు. మామిడి పూత నాటి నుంచి కోయిల కూత వింటూ ఉండే ఈ ప్రాంతానికి ఆ ప్రయోగం విలువ వేరే చెప్పనక్కరలేదు.

వీళ్లందరి ప్రతిభ గురించి మనం ఎంతో చెప్పుకున్నాం. వాళ్లు నిలబడిన చోటు గురించి చెప్పుకున్నది తక్కువ. ఆరాధనోత్సవాలకు మామూలుగా టిక్కెట్టు ఉండదు, కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లవాడి చేతికి వింత వాద్యమిచ్చి కూర్చోబెట్టినా నష్టపోయే గుత్తేదారు లేడు. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలమురళిగారు, అన్నవరపువారు పనిచేశారు. ఢిల్లీ ఆకాశవాణిలో ఈమనివారు వాద్యబృందాన్ని నడిపారు. నెల తిరిగేసరికి జీతం, ఒక స్టూడియో, చేయి తిరిగిన సహవాద్యకారులు, ఇవి ఉన్నాయి కాబట్టే ఒక కొత్త ఊహను ఇవాళ ప్రయత్నించి, కుదరకపోతే రేపు వదిలేయగలిగారు. జమీందారీ కొలువులు పోయాక కళాకారుల్ని పోషించే బాధ్యత కొంతకాలం రేడియో మోసింది. ఇప్పుడు రేడియోలో ఆ నిలయ విద్వాంసుల వ్యవస్థ దాదాపు అంతరించింది. ఆ స్థానంలో ఏ చోటూ రాలేదు.

ఇప్పుడున్న వేదికలు చెడ్డవని నేను అనను. గానసభలు లేకపోతే కృతి సంప్రదాయం ఇంతవరకు వచ్చేదే కాదు. కానీ వాటి ఏర్పాటు చూడండి. గంటో గంటన్నరో ఇస్తారు. అందులో శ్రోతకు తెలిసిన కీర్తనలు నాలుగు ఉండాలి. సమయం మించితే మొదట కోతపడేది ఆలాపన, ఆ తరువాత తని ఆవర్తనం. పోటీలో పిల్లలకు దొరికేవి కొద్ది నిమిషాలు. అందులో తప్పు చేసినవాడికి మార్కు పోతుంది కాబట్టి తప్పు చేయని దారినే గురువులు నేర్పుతారు. టీవీ కార్యక్రమంలో అసలు పాటకు ఎంత దగ్గరగా పాడితే అంత మెప్పు. సినీ సంగీత విభావరి సంగతి చెప్పనే అక్కరలేదు. ఇవన్నీ అంటు తోటలు. వాటి వల్ల బతుకుతున్న కళాకారులు వందల మంది ఉన్నారు, వాటిని ఎవరూ తగ్గించకూడదు. నేనడిగేది ఆ తోట గట్టున నాలుగు సెంట్ల నేల.

ఆ నేల ఎలా ఉండాలన్నదానికి ఉదాహరణలు ఉన్నాయి. 1965లో షికాగోలో నల్లజాతి సంగీతకారులు తమ కచేరీలు తామే పెట్టుకోవడానికి ఏఏసీఎం అనే సంఘం కట్టుకున్నారు. క్లబ్బుల యజమానులు తమ చేత ఏది వాయించాలో నిర్ణయిస్తున్నారన్న బాధలోంచి పుట్టిన సంఘం అది. పేటలోని పిల్లలకు ఉచితంగా నేర్పే బడి కూడా పెట్టింది. అరవై ఏళ్లు దాటినా నడుస్తోంది. న్యూయార్క్‌లో ట్రాంబోన్ వాద్యకారుడు జిమ్ స్టేలీ, మిత్రులు 1978లో అతని నివాసంలోనే రూలెట్ అనే వేదిక మొదలుపెట్టారు. ఇవాళ అది బ్రూక్లిన్‌లో పెద్ద హాలు. 2005లో సంగీతకారుడు జాన్ జోర్న్ ప్రారంభించిన ది స్టోన్ మరీ చిన్న గది. తిండి అమ్మకం లేదు, పానీయాల అమ్మకం లేదు, తలుపు దగ్గర వసూలైన టిక్కెట్టు డబ్బంతా వాయించినవాళ్లదే. ఎవరు వాయించాలో ఎంచే పని మొదట్లో నెలకొక సంగీతకారుడికి అప్పగించేవారు. లండన్‌లో 2008 నుంచి కెఫే ఓటో అనే ప్రయోగ సంగీత వేదిక ఉంది. మనకు దగ్గరగా హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010 నుంచి లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. అది సంగీతానికే పరిమితం కాకపోయినా, ఒక ఇల్లూ ఒక చెట్టు నీడా ఉంటే ఊరు తనంతట తానే వచ్చి కూర్చుంటుందని చూపింది. ఇక కళాకారులే తమ వేదికను నడుపుకోవడమంటారా, ఆ మాట ప్రపంచం దగ్గర నేర్చుకోనక్కరలేదు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాలు రంగస్థలాన్ని, తెరల్ని, యంత్రాల్ని, వంటింటిని కూడా తామే నడుపుకుంటూ నాలుగైదు తరాలు దాటించాయి.

సంస్థ చేతిలో ఉన్న ప్రయోగం సంస్థ ఆసక్తితో పాటే ఆగిపోతుందన్నదానికి మన దేశంలోనే ఒక గుర్తు ఉంది. 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ సింథసైజర్ పెట్టించాడు. మన దేశంలో విద్యుత్ సంగీతానికి ఏర్పడిన తొలి స్టూడియోలలో అది ఒకటి. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. 1972 వరకు చేసిన టేపులు బీరువాల్లో ఉండిపోయాయి. లోకం వాటిని ఆల్బంగా విన్నది 2023లో. మధ్యలో గడిచిన అర్ధ శతాబ్దంలో వాటిని విని ముందుకు పోగలిగిన ఒక తరం వాటి సంగతే తెలియకుండా పెరిగింది. అందుకే ఈ గదిని ఒక కళాశాలకో, అకాడమీకో, శాఖకో అనుబంధంగా పెట్టవద్దని ముందే కోరుతున్నాను.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం, ఇది పరాయి సంగీతమని. ఇందులో సగం నిజముంది, ఒప్పుకుంటాను. మనోధర్మం రాగం గట్టు దాటదు, తాళం లెక్క తప్పదు. లండన్‌లో గిటారిస్టు డెరెక్ బెయిలీ వంటివారు వాయించిన స్వేచ్ఛా సంగీతానికి ముందుగా ఒప్పుకున్న గట్టే లేదు. ఈ రెండూ ఒకటేనని బుకాయించడం రెంటికీ అన్యాయం. కానీ అదే బెయిలీ 1980లో ఆశు సంగీతం మీద రాసిన పుస్తకంలో మొదట చర్చించింది భారతీయ సంగీతాన్ని. అంతకుముందు 1940లలో గీతా సారాభాయ్ న్యూయార్క్ వెళ్లి అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పింది, అతని దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. ఈ రాకపోకలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వయొలిన్ మనదా? హార్మోనియం మనదా? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను కింద వయొలిన్ మనదైంది. ఒక వాద్యం గానీ పద్ధతి గానీ మనదవ్వాలంటే మనవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి తప్పులు చేస్తూ వాయించాలి. ఆ తప్పులకు చోటివ్వకుండానే అది పరాయిదని తీర్పు చెప్పడం తొందరపాటు.

రెండో అభ్యంతరం, ఎవరు వస్తారని. తెలిసిన పాట ఒక్కటీ లేని కచేరీకి తెలుగువాడు కూర్చుంటాడా అని అడుగుతారు. కూర్చున్నాడు, వందేళ్లకు పైగా. అష్టావధానానికి వెళ్లేవాడు తెలిసిన పద్యం వినడానికి వెళ్లడు. పృచ్ఛకుడు సమస్య విసరడం, నిషిద్ధాక్షరి చెప్పేవాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడటం, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దారి తప్పించబోవడం, వీటన్నిటి నడుమ పద్యం ఎలా పుడుతుందో కళ్లారా చూడటానికి వెళతాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఆ రుచిని పండితుల వాకిళ్లు దాటించారు. పద్యం మరుక్షణం పోయినా ఫరవాలేదనుకునే ఆ శ్రోత ప్రపంచంలోని ఆశు సంగీత వేదికలన్నీ వెతుక్కునే శ్రోతే. బుర్రకథలో హాస్యగాడు ఆ ఊరి సంగతి అప్పటికప్పుడు కథలోకి లాగితే జనం పడే సంబరం కూడా ఇలాంటిదే. ఈ రుచిని సంగీతం వైపు మళ్లించడానికి సమయం పడుతుంది. మొదటి రెండేళ్లు గదిలో పది పదిహేను మందే ఉండవచ్చు. కెఫే ఓటో, ది స్టోన్ లాంటివాటిలో కూడా వందల మందిని ఆశించి కుర్చీలు వేయలేదు. 60 మంది పట్టే గదిలో 40 మంది 100 రూపాయల చొప్పున ఇచ్చి వింటే, 4,000 రూపాయలు ముగ్గురు వాద్యకారులు పంచుకుంటారు. అది గొప్ప ఆదాయం కాదు. అయినా ఎవరి సిఫారసూ లేకుండా, తాము నమ్మిన సంగీతానికి తమ ఊరివాళ్లు ఇచ్చిన డబ్బు.

అందరికంటే గట్టిగా అడగవలసిన ప్రశ్న మాత్రం రైతుది. పూత నిలవక, ఈదురుగాలికి కాయ రాలి, మంగు పట్టిన కాయను మార్కెట్లో అడిగేవాడు లేక నష్టపోతున్న ప్రాంతంలో ప్రభుత్వ సొమ్ము ధ్వని ప్రయోగాలకా? ఈ ప్రశ్నను తేలికగా తీసేసే హక్కు ఎవరికీ లేదు. అందుకే కొత్త భవనం అడగడం లేదు, ఆడిటోరియం అడగడం లేదు, ఉత్సవ నిధి అడగడం లేదు. రైతుకు చేరవలసిన రూపాయి ఒక్కటి కూడా ఇటు మళ్లించనక్కరలేదు. మామిడి వ్యాపారం మార్చిలో ఊపందుకుని జూన్‌తో చల్లబడుతుంది. దాని కోసం నిలబెట్టిన షెడ్లకూ గిడ్డంగులకూ మిగిలిన నెలల్లో అంత పని ఉండదు. ప్రభుత్వ ఆధీనంలో అలా ఖాళీగా ఉండే షెడ్డు ఒకటి, లేదా వాడకం తప్పిన పాత కార్యాలయ గది ఒకటి, ఏదైనా చాలు. రేకు కప్పు కింద ప్రతిధ్వని ఎక్కువగా ఉంటుంది. ప్రయోగ సంగీతానికి అదొక ఇబ్బందే కాదు, వాళ్లు ఆ ప్రతిధ్వనితోనే పని చేస్తారు. వానాకాలంలో రేకుల మీద చినుకుల చప్పుడును కూడా వాయిద్యంగా వినగలిగినవాళ్లు వాళ్లు.

నూజివీడే ఎందుకు, విజయవాడ 45 కిలోమీటర్ల దూరంలో ఉండగా? విజయవాడలో గది అద్దె కళాకారుల చేతికందదు, ఉన్న హాళ్లకు ముందే పని ఉంది. అంతకన్నా పెద్ద కారణం వీణ. నూజివీడులో పనస కర్రతో వీణలు చేసే పనివాళ్లు ఉన్నారు. కుండ తొలిచి, దండి అమర్చి, యాళి ముఖం చెక్కి, చివర మైనం మీద 24 మెట్లను చెవితో సరిచూసుకుంటూ ఒక్కొక్కటే నిలబెడతారు. ఆ చివరి పని కొలబద్దతో జరిగేది కాదు. మెట్టు ఎక్కడ నిలవాలో చెవే చెప్పాలి. వినడంలో ఇంత నైపుణ్యం ఉన్న ఊరు ప్రయోగ సంగీతానికి సహజమైన ఇల్లు. వీణ చేసేవాడికీ వాయించేవాడికీ మధ్య ఇప్పుడున్న సంభాషణ ఆర్డరు, ధర, మరమ్మతు. మెట్లు జరిపితే ఏమవుతుంది, తాళపు తీగలకు వేరే శ్రుతి పెడితే ఏమవుతుంది, కుండ లోపల మైకు అతికిస్తే ఏమి వినిపిస్తుంది అని అడిగే వాద్యకారుడు పక్క వీధిలోనే ఉంటే పనివాడి చేతికి కొత్త పని దొరుకుతుంది. చేతిపని బతకాలంటే పాత నమూనాకు గిరాకీ ఉంటే సరిపోదు, కొత్త ప్రశ్నలు రావాలి. ఇక 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పల్లెల నుంచి వచ్చిన వేల మంది పిల్లలు సర్క్యూట్లు, కోడింగ్ నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఇంటి దగ్గర డప్పు కొట్టినవాడు, చిడతలు పట్టినవాడు, చర్చిలో కీబోర్డు వాయించిన పిల్ల ఉండే ఉంటారు. వీణ పని, సర్క్యూట్ల చదువు, ఇంటి దగ్గరి వాయిద్యం, ఈ మూడు విద్యలూ పక్కపక్కనే ఉన్న ఊరు రాష్ట్రంలో ఇంకొకటి చూపించడం కష్టం.

కళాకారుల సంఘం అంటే ముఠా అవుతుందన్న భయం న్యాయమైనదే. చాలా సంఘాలు అలాగే ముగిశాయి. దీనికి మందు ప్రభుత్వ నామినేషన్ కాదు. రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం నమోదవుతుంది. ఆ ఏడుగురిలో ఎక్కువ మంది వాయించేవాళ్లో పాడేవాళ్లో అయి ఉండాలని, ఎవరు వాయించాలో ఎంచే పని మూడు నెలలకొకసారి చేతులు మారాలని, జమాఖర్చులు గది తలుపు మీదే అతికించాలని లీజులో రాయండి. డప్పు, డోలు, నాదస్వరం వాయించే కుటుంబాలకు వీణ, వయొలిన్ విద్వాంసులతో సమానంగా తలుపు తెరిచి ఉండాలని కూడా రాయండి. పెళ్లి పందిట్లో నాదస్వరం, డోలు మధ్య సాగే ఆశు సంభాషణను మనం ఇంతకాలం సందడిగానే విన్నాం, సంగీతంగా వినలేదు. ఆ గదిలోనైనా నేల మీద కూర్చుని వినాలి. వేదిక ఎత్తుగా ఉండకూడదు, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాల కార్యక్రమం ఉండకూడదు. ఆ అరగంట కూడా సంగీతానికే కావాలి.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి మూడే. మూడేళ్లకు నామమాత్రపు అద్దెతో ఖాళీ షెడ్డో గదో ఇప్పించండి. దానికి కరెంటు, మరుగుదొడ్డి, గట్టి తలుపు ఉండేలా చూడండి. అక్కడ ఏమి వాయించాలో, ఎవరిని పిలవాలో శాఖ ఎన్నడూ చెప్పదని రాతపూర్వకంగా ఇవ్వండి. ఏడాది చివర సంఘం మీకు నివేదిక ఇవ్వాలి. ఎన్ని రాత్రులు కచేరీలు జరిగాయి, ఎంతమంది విన్నారు, ఎంత డబ్బు ఎవరికి చేరింది అన్నవి అందులో ఉండాలి. వాటితో పాటు, ప్రయత్నించి కుదరనివి ఏవేవో కూడా ఉండాలి. పరిశోధన స్థానం నివేదికలో ఆ భాగాన్ని ప్రభుత్వం ఎంత శ్రద్ధగా చదువుతుందో దీన్నీ అంతే శ్రద్ధగా చదవాలి. ఈ ఏటి కాయ కోత జూన్‌తో అయిపోతుంది. జులైలో తాళంచెవి ఇస్తే, దసరా నాటికి మొదటి కచేరీ వినవచ్చు.

భవదీయులు,
నూజివీడు ప్రాంత సంగీత శ్రోత